నిజాం జెండా కింద దక్షిణ భారతం: కైజర్‌రైక్ మాడ్ రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ మనం గేమ్ ఆడటం లేదు, చూస్తున్నాం. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 తెరిచి, కైజర్‌రైక్ మాడ్ (అసలు గేమ్‌ని మార్చేస్తూ అభిమానులు తయారుచేసే అదనపు ఫైళ్లు) వేసి, ఏదో ఒక దేశంతో లోపలికి వచ్చాక కన్సోల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే పెట్టెలో, ‘అబ్జర్వ్’ అని కొట్టాను. అంతే, ఇక నా చేతిలో ఏ దేశమూ లేదు. స్పీడ్ ఐదుకి పెట్టేసి టీ తాగుతూ కూర్చోవడమే. తేదీ 1936 జనవరి 1. ప్రపంచాన్ని కంప్యూటర్‌కే వదిలేశాం, ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

ఈ గేమ్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 స్వీడన్ కంపెనీ పారడాక్స్ 2016 జూన్‌లో విడుదల చేసిన రెండో ప్రపంచ యుద్ధం గేమ్. కైజర్‌రైక్ మాత్రం పారడాక్స్‌ది కాదు. ఆన్‌లైన్‌లో కలుసుకున్న అభిమానులు జీతం భత్యం లేకుండా రాసుకున్న ప్రపంచం. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 2 రోజుల్లో మొదలై, దాని మీద కట్టిన డార్కెస్ట్ అవర్ అనే గేమ్ మీదుగా నాలుగో భాగంలోకి వచ్చింది. ఈలోగా రాసేవాళ్లు మారారు, కొన్ని దేశాల కథలు మొత్తం చెరిపేసి మళ్లీ రాశారు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. అందుకే నేను చెప్పేవి నేను ఆడిన వెర్షన్ సంగతులు. మీరు డౌన్‌లోడ్ చేసుకునేసరికి ఏదో ఒక దేశం కథ మారిపోయి ఉంటే నన్ను తిట్టుకోకండి.

ఇంతకీ ఆ ప్రపంచం ఏంటి? నిజ చరిత్రలో జర్మనీ 1917 ఫిబ్రవరి 1 నుంచి, కనిపించిన ఓడనల్లా ముంచెయ్యమని తన సబ్‌మెరైన్లను వదిలింది. దాంతో ఒళ్లు మండి అమెరికా ఏప్రిల్ 6న మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. కైజర్‌రైక్‌లో జర్మనీ ఆ పని చేయదు. అమెరికా రాదు. 1919లో ఫ్రాన్స్ కుప్పకూలుతుంది, అక్కడ విప్లవం వచ్చి కార్మిక సంఘాల ప్రభుత్వం, ఫ్రాన్స్ కమ్యూన్, ఏర్పడుతుంది. బ్రిటన్ 1921లో జర్మనీతో రాజీ పడుతుంది, అంటే యుద్ధం జర్మనీ గెలిచినట్టే. 1925లో బ్రిటన్‌లోనూ విప్లవం. రాజుగారు కుటుంబంతో సహా కెనడా చేరతాడు. లండన్‌లో రాజే లేకపోతే ఢిల్లీలో వైస్రాయ్ ఎవరి పేరు మీద పాలించాలి? అలా మన దేశం మూడు ముక్కలవుతుంది. దాని దగ్గరికి వద్దాం, అసలు నేనీ వీడియో చేస్తున్నదే దాని కోసం.

ముందు స్క్రీన్ చూడండి. 1936 మొదట్లోనే బెర్లిన్ షేర్ మార్కెట్ కూలిపోయిందని వార్త వచ్చింది. ఇది ఎన్నిసార్లు నడిపినా వస్తుంది. రాసినవాళ్లే దాన్ని స్క్రిప్ట్‌లో పెట్టారు. ప్రపంచాన్ని ఏలుతున్న జర్మనీకి మొదటి దెబ్బ అదే, దాంతో ముడిపడ్డ దేశాలన్నీ ఒక్కసారి ఒంగిపోతాయి. తర్వాత అమెరికా వైపు చూడండి. 1936 నవంబర్ ఎన్నికల దాకా అక్కడ టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఒకవైపు కార్మికుల తరఫున జాక్ రీడ్, ఇంకోవైపు దక్షిణాది నుంచి హ్యూయీ లాంగ్, మధ్యలో సైన్యంతో జనరల్ మెకార్థర్. చాలాసార్లు 1937లో ఆ దేశం మ్యాప్ మీదే చీలిపోయి మూడు నాలుగు రంగులవుతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఆ పేర్లు గమనించారా? జాక్ రీడ్ నిజంగా 1920లో మాస్కోలో చనిపోయాడు. హ్యూయీ లాంగ్‌ని 1935 సెప్టెంబర్‌లో కాల్చి చంపారు. రష్యాలో కనిపించే విప్లవకారుడు బోరిస్ సావింకోవ్ 1925లో సోవియట్ జైల్లోనే పోయాడు. వీళ్లందరినీ ఇక్కడ బతికించారు. ఊరికే బతికించలేదు, ఆ మనిషి జీవితంలో దారి చీలిన చోటు వెతికి, రెండో దారిలో నడిపించారు. ముస్సోలినీనే తీసుకోండి. ఫాసిస్టు కాకముందు అతను సోషలిస్టు, ఆ పార్టీ పత్రికకి ఎడిటర్ కూడా. కైజర్‌రైక్‌లో అతను అటు మళ్లడు, ఎర్రజెండా కిందే ఉంటాడు. కానీ బుద్ధి మారదు, ఆ జెండా కిందే నియంత కావాలని చూస్తాడు. నిజ చరిత్రలో బ్రిటన్ ఫాసిస్టుల నాయకుడైన ఆస్వాల్డ్ మోస్లీదీ ఇదే కథ. ఒకప్పుడు లేబర్ పార్టీ మనిషి కదా, అక్కణ్ణుంచి పట్టుకున్నారు. చరిత్ర చదివినవాడు తప్ప ఇలా రాయలేడు.

సిద్ధాంతాలు కూడా అంతే. అసలు గేమ్‌లో నాలుగే రకాలు: డెమోక్రసీ, కమ్యూనిజం, ఫాసిజం, ఇవేవీ కానివాళ్లు. ఇక్కడ పది. ఒక దేశం మీద క్లిక్ చేస్తే వచ్చే ఆ గుండ్రటి చార్ట్ పది రంగుల్లో కనిపిస్తుంది. సోషలిస్టుల్లోనే మూడు వర్గాలు, వాళ్లలో వాళ్లకే పడదు. మన రాజకీయాలు చూసి పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

సరే, అబ్జర్వ్ ఆపి ఇండియాకి వద్దాం. కలకత్తా కేంద్రంగా తూర్పున సోషలిస్టుల ప్రభుత్వం, భారతీయ కమ్యూన్. సుభాష్ చంద్రబోస్ ఉండేది అందులోనే, మెత్తవాళ్ల వైపు కాదు, గట్టివాళ్ల వైపు. ఢిల్లీలో బ్రిటిష్ వాసన ఇంకా పోని డొమినియన్, అంటే రాజుగారి కిందే ఉంటూ సొంతంగా పాలించుకునే ప్రభుత్వం. దక్షిణాన సంస్థానాధీశుల సమాఖ్య, ప్రిన్స్‌లీ ఫెడరేషన్. దాని పెద్ద ఎవరో ఫొటో చూస్తే తెలిసిపోతుంది. మన ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్!

దక్షిణాది దాదాపు మొత్తం ఒకే రంగు. నిజంగా 1936లో తెలుగువాళ్లు ఎక్కడున్నారు? సగం నిజాం రాజ్యంలో, సగం మద్రాస్ ప్రెసిడెన్సీలో. ఈ మ్యాప్‌లో గుంటూరు, వరంగల్ ఒకే జెండా కింద ఉన్నాయి, అది కూడా 1956 కంటే ఇరవై ఏళ్ల ముందే. మరి కృష్ణా జిల్లా రైతు నిజాంకి శిస్తు కట్టడానికి ఒప్పుకున్నాడా? మద్రాస్‌లో జస్టిస్ పార్టీ వాళ్లు ఏమన్నారు? గేమ్‌కి ఆ గొడవే లేదు.

ఆడి చూస్తే నిజాం పరిస్థితి ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఫ్యాక్టరీలు తక్కువ, తుపాకులు తక్కువ, పైన ఢిల్లీ, పక్కన కలకత్తా. ఎవరో ఒకరితో యుద్ధం తప్పదు. నేనైతే డివిజన్లు తగ్గించుకుని, ఉన్నవాటికి ముందు రైఫిళ్లు నింపుకుని, తూర్పు తీరం కాపాడుకుంటూ నెట్టుకొచ్చాను. ఢిల్లీ, కలకత్తా ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు దూరితే పని సులువు. ఆ మాత్రం ఓపిక ఉంటే చాలు.

కానీ నా కంప్లయింట్ ఇక్కడే మొదలవుతుంది. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక కవర్ మీద ప్రపంచంలోనే అతి పెద్ద ధనవంతుడని నిజాం బొమ్మ వేసింది. సొంత రూపాయి ఉస్మానియా సిక్కా, సొంత రైల్వే, 1918లో పెట్టిన ఉర్దూ మీడియం యూనివర్సిటీ, 1931లో మంజీరా మీద కట్టించిన నిజాం సాగర్, 1934లో వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు. గేమ్‌లో ఇవన్నీ ఏమయ్యాయి? హైదరాబాద్ అనే గడి మీద మౌస్ పెట్టండి. సివిల్ ఫ్యాక్టరీ బొమ్మలు కొన్ని, రోడ్ల స్థాయికి ఒక అంకె, సైన్యానికి దొరికే మనుషుల లెక్క. అంతే. మిల్లు ఒక బొమ్మ, డ్యామ్ అసలు లేనే లేదు. అదే డబ్బున్న నిజాం అంత డబ్బుతో ఏం చేస్తాడన్నది ఎంత మంచి కథ! విదేశాల నుంచి ఆయుధాలు కొంటాడా, దాచుకుంటాడా? ఆ పొదుపు మనిషి సంగతి మనకి తెలుసు కదా.

ఊళ్ల సంగతి ఇంకా ఘోరం. వెట్టిచాకిరి, దొరల గడీలు, భూమి, భాష... నిజాం రాజ్యంలో ఇవి ఎక్కడికి దారితీశాయో మనకి తెలుసు. 1946లో తెలంగాణలో రైతులు ఆయుధాలు పట్టారు. అంత పెద్ద నిప్పు బూడిద కింద ఉన్న రాజ్యాన్ని, గేమ్‌ని నడిపించే ప్రోగ్రామ్, అంటే ఇంజిన్, ‘స్టెబిలిటీ’ అనే ఒక్క శాతంలో చూపిస్తుంది. శాతం తగ్గితే ఒక ఫోకస్ (ప్రభుత్వ కార్యక్రమం) నొక్కు, కాస్త పొలిటికల్ పవర్ పాయింట్లు ఖర్చు పెట్టు, మళ్లీ పెరుగుతుంది. గడీ గోడ మీద ఒక్క ఇటుక కూడా కదలదు.

తప్పంతా మాడ్ రాసినవాళ్ల మీద వెయ్యడం న్యాయం కాదు. వాళ్ల చేతిలో ఉన్నది యుద్ధం కోసం తయారుచేసిన ఇంజిన్. దానికి తెలిసింది డివిజన్, సప్లై, ఫ్యాక్టరీ, రైల్వే లైన్. పండిన వడ్లెంత, తిన్నదెంత అన్న లెక్కే అందులో లేదు. నలభైల్లో బెంగాల్ మీదుగా సైన్యాలు నడుస్తుంటే అక్కడ జనం ఏం తింటున్నారని అడిగే వీలే లేదు. అందుకని ఇంజిన్‌కి చేతకానిదంతా వీళ్లు రాతతో నింపారు. మధ్యలో గేమ్ ఆగి ఒక ఈవెంట్ కిటికీ తెరుచుకుంటుంది: పైన ఫొటో, కింద రెండు పేరాలు, రెండో మూడో బటన్లు. కైజర్‌రైక్ బతికేది ఆ కిటికీల్లోనే. జర్మనీకి, ఫ్రాన్స్‌కి, అమెరికాకి ఆ రాత పుష్కలం. మన దగ్గరికి వచ్చేసరికి పలచన. ఎవరు ఎక్కువమంది రాస్తారో వాళ్ల దేశమే బాగుంటుంది, అభిమానుల ప్రాజెక్టులో అంతే మరి.

మళ్లీ అబ్జర్వ్‌లోకి వెళ్దాం. 1939, 40 వచ్చేసరికి ఫ్రాన్స్ కమ్యూన్ జర్మనీ మీద పడింది, తూర్పు నుంచి రష్యా. ఇక్కడ జర్మనీ ఒకసారి గెలుస్తుంది, ఇంకోసారి బెర్లిన్ పోతుంది, ఆ మటుకు నిజంగా సిమ్యులేషనే. కానీ చూడటానికి విసుగు. అప్పటిదాకా వారానికో వార్త, నెలకో కుట్ర. యుద్ధం మొదలయ్యాక రాత అంతా మూగబోతుంది. సరిహద్దు గీతలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, కంప్యూటర్ ఫ్యాన్ విమానంలా మోగుతుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. 1943 దాటాక నేను చాలాసార్లు ఆపేశాను. గెలిచినవాడు ఆ ప్రపంచాన్ని ఎలా ఏలతాడు అన్నది నాకు అసలు ఆసక్తి. దానికి ఇక్కడ దొరికేది బాగా తక్కువ.

అందుకే నా లెక్క ఏంటంటే, దీన్ని సిమ్యులేటర్ అనుకుని దిగితే నిరాశే. మొదటి మూడు నాలుగేళ్లు ఇది చదువుకోవాల్సిన కథ, ఆ తర్వాత మామూలు యుద్ధం గేమ్. ఆ మొదటి భాగం కోసమే అయినా డౌన్‌లోడ్ చేసుకోండి. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో, మాడ్లు దొరికే వర్క్‌షాప్ అనే చోట ఉచితం, అసలు గేమ్ కొనుక్కుంటే చాలు.

రెండు జాగ్రత్తలు. పారడాక్స్ అప్‌డేట్ వదిలిన ప్రతిసారీ మాడ్లు మొరాయిస్తాయి, కాబట్టి సగం ఆట మిగిలి ఉంటే స్టీమ్‌లో గేమ్‌ని పాత వెర్షన్‌లోనే ఉంచుకోండి. ఈ మాడ్‌తో ఆడితే స్టీమ్ అచీవ్‌మెంట్లు (ఆటలో ఘనకార్యాలకి ఇచ్చే బ్యాడ్జీలు) రావు. ఇంకోటి, ఆట మొదలయ్యే ముందు గేమ్ రూల్స్ అని ఒక పేజీ ఉంటుంది, దాన్ని దాటేయకండి. ఏ దేశం ఏ దారిలో పోవాలో అక్కడ మీరే పెట్టొచ్చు. అమెరికాలో ఎవరు గెలవాలి, రష్యా ఎటు తిరగాలి అని సెట్ చేసి, తర్వాత అబ్జర్వ్ కొడితే ఈ మాడ్ బలం, బలహీనత రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

మొదటిసారి ఆడేవాళ్లు జర్మనీ జోలికి పోకండి, మొదటి నెలల్లోనే తల వాచిపోతుంది. కెనడా తీసుకోండి. మూడు వైపులా సముద్రం, రాజుగారు పక్కనే, ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది. నిజాంని రెండో ఆటకి ఉంచుకోండి. నా సేవ్ ఫైల్, నేను పెట్టుకున్న రూల్స్ డిస్క్రిప్షన్‌లో పెడతాను. వచ్చే వీడియోలో ఇదే ప్రపంచాన్ని ఇంకా పిచ్చిపిచ్చి దారుల్లోకి లాక్కెళ్లిన కైజర్‌రెడక్స్ అనే ఇంకో మాడ్ చూద్దాం. ఉంటానండీ.