ఛార్జర్ చిప్ అడాప్టర్‌ను ఎలా గుర్తుపడుతుంది?

అందరికీ నమస్కారం. యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే ఛార్జర్ చిప్ తేల్చుకోవాల్సింది ఒకటే: అవతలి నుంచి ఎంత కరెంటు లాగొచ్చు?

2010 నాటి బ్యాటరీ ఛార్జింగ్ 1.2 ప్రమాణం ప్రకారం, ముందు డేటా పిన్నులు తగిలాయో లేదో చూసుకోవాలి. ప్లగ్‌లో పవర్ పిన్నుల కంటే అవి పొట్టి, ఆలస్యంగా తగులుతాయి. తర్వాత చిప్ రెండు డేటా తీగల్లో ఒకటైన డీ ప్లస్ మీద సుమారు 0.6 వోల్టులు పెట్టి రెండోదైన డీ మైనస్‌ను చూస్తుంది. అక్కడేమీ రాకపోతే మామూలు కంప్యూటర్ పోర్టు. యూఎస్‌బీ 2.0లో అయితే హోస్ట్, అంటే ఆ కంప్యూటర్, అనుమతించేదాకా 100 మిల్లీఆంపియర్లు, ఆపైన 500. వోల్టేజీ కనబడితే ఛార్జింగ్ పోర్టు. అప్పుడు తిరగేసి డీ మైనస్ మీద పెట్టి డీ ప్లస్ చూస్తుంది. అక్కడా వస్తే అది గోడ అడాప్టర్. అందులో ఆ రెండు తీగలనూ 200 ఓమ్‌లు మించకుండా కలిపేస్తారు. రాకపోతే డేటా కూడా ఇచ్చే పోర్టు, 1.5 ఆంపియర్ల దాకా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కలిపిన తీగలు అవతలిది కంప్యూటర్ కాదని మాత్రమే చెబుతాయి. ఎన్ని ఆంపియర్లో చెప్పవు. అయినా గోడ అడాప్టర్ అనుకోగానే బీక్యూ25890 అనే ఛార్జర్ చిప్ తన రిజిస్టర్‌లో (సెట్టింగులు దాచుకునే చోట) కరెంటు పరిమితిగా 3.25 ఆంపియర్లు పెట్టుకుంటుంది! అందుకే ఇన్‌పుట్ కరెంటుకు హద్దు పెట్టే ఐలిమ్ పిన్ రెసిస్టర్‌ను అశ్రద్ధ చేయకండి. సుమారు 355ను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: 180 ఓమ్‌లు పెడితే దాదాపు 2. పిన్, రిజిస్టర్ రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది.

కేబుల్ సంగతి అడాప్టర్‌కూ తెలియదు. రానుపోను 0.3 ఓమ్‌ల కేబుల్‌లో 2 ఆంపియర్లు పారితే 0.6 వోల్టులు దారిలోనే పోతాయి, చిప్ దగ్గర మిగిలేది 4.4. ఇన్‌పుట్ వోల్టేజీని కనిపెట్టి కరెంటు తగ్గించే విండీపీఎం లూప్ ఉన్నది ఇందుకే. దాని హద్దు మరీ కిందికి పెట్టారనుకోండి, బలహీనమైన అడాప్టర్ కుంగిపోతుంది, చిప్ ఆగుతుంది, లోడు తీసేయగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ మొదలు. ఛార్జింగ్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

ఛార్జింగ్ మందగిస్తే మీటర్‌ను అడాప్టర్ దగ్గర కాదు, చిప్‌లోకి కేబుల్ పవర్ వచ్చే వీబస్ పిన్ దగ్గరే పెట్టండి. వోల్టేజీ విండీపీఎం హద్దు దగ్గర నిలిచిపోతే కేబులో అడాప్టరో కారణం. 5 వోల్టులు నిలకడగా ఉండి కరెంటు 500 మిల్లీఆంపియర్లు దాటకపోతే గుర్తింపులోనే తేడా. ఆసిల్లోస్కోప్‌లో డీ ప్లస్ మీద ఆ 0.6 వోల్టుల మెట్టు కనీసం 40 మిల్లీసెకన్లు నిలవాలి. దానికి బదులు 3.3 వోల్టులు కనబడితే మీ మైక్రోకంట్రోలర్ పుల్అప్ (డీ ప్లస్‌ను 3.3 వోల్టులకు లాగే రెసిస్టర్) ముందే లేచిందన్నమాట. గుర్తింపు ముగిసేదాకా దాన్ని ఆపి ఉంచండి. ఫర్మ్‌వేర్ రాసిన కరెంటు పరిమితి కూడా గుర్తింపు పూర్తికాగానే చెరిగిపోతుంది. అది పూర్తయిందని చిప్ పంపే ఇంటరప్ట్ సంకేతం వచ్చాకే రాయండి.