గుళికల గోల: వేడి పెంచితే రంధ్రం పెరుగుతుందా?

రమణ: నమస్కారం, గుళికల గోలకి స్వాగతం. ఈసారి టాపిక్ టెంపరేచర్. రియాక్టర్ వేడి మారిస్తే పాలిమర్ గుళికలో, అంటే సన్న ప్లాస్టిక్ పూసలో, రంధ్రాలు ఏమవుతాయి? సుజాతక్క రెడీ, కాఫీ రెడీ.

సుజాత: కాఫీ లేదు. పొద్దున్నించి ట్యాంకర్ రాలేదు.

రమణ: అప్పుడే మీ అపార్ట్‌మెంట్ నీళ్ళ సాఫ్ట్‌నర్ మొదలా?

సుజాత: ఆ మాట నేను అన్నానా? నువ్వే అన్నావు. రాసుకోండి అందరూ.

రమణ: సరే సరే. స్టైరీన్, దాని గొలుసుల్ని ముడివేసే డైవినైల్‌బెంజీన్ (డీవీబీ), చర్య మొదలుపెట్టే ఇనిషియేటర్, తర్వాత కడిగేస్తే రంధ్రాలు మిగిల్చే ద్రవం పోరోజెన్ కలిపి, చుక్కలు అతుక్కోకుండా పీవీఏ వేసిన నీళ్ళలో తిప్పుతూ వేడిచేస్తాం. బూందీకి జల్లెడ చేసే పని ఇక్కడ స్టిర్రర్ చేస్తుంది, గుళిక సైజు దాన్ని బట్టే. లోపలి రంధ్రాలు వేరే కథ. ఇనిషియేటర్‌గా ఏఐబీఎన్ తీసుకోండి. 65 డిగ్రీల దగ్గర సగం విరగడానికి సుమారు 10 గంటలు, 80 దగ్గర గంటన్నర. వేడి పెంచితే రాడికల్స్, అంటే గొలుసుల్ని మొదలుపెట్టే ముక్కలు, ఒక్కసారిగా ఎక్కువ పుడతాయి, ఎక్కువ చోట్ల ద్రవంలోంచి పాలిమర్ విడిపోవడం మొదలవుతుంది, ఒక్కో ముద్ద చిన్నది. ముద్దలు చిన్నవైతే వాటి మధ్య సందులూ చిన్నవే. అంటే వేడి పెంచితే రంధ్రం తగ్గుతుంది! మోనోలిత్‌లలో, అంటే గుళికలుగా కాక ఒకే దిమ్మగా చేసినవాటిలో, ఇది బాగా కనిపిస్తుంది, గుళికల్లో అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

సుజాత: అయిపోయిందా టాపిక్?

రమణ: డీవీబీ శాతం ఉంది, పోరోజెన్ ఉంది...

సుజాత: పోరోజెన్ ముందు చెప్పాల్సింది. టోలీన్ వేస్తే పాలిమర్‌కి అది ఇష్టమైన సాల్వెంట్, చివరిదాకా కలిసే ఉంటుంది, ఆలస్యంగా విడిపోతుంది. రంధ్రాలు చిన్నవి, ఉపరితలం ఎక్కువ. హెప్టేన్‌కి పాలిమర్ అంటే పడదు, తొందరగా విడిపోతుంది. రంధ్రాలు పెద్దవి, ఉపరితలం తక్కువ. దీని ముందు నీ వేడి ఎంత?

రమణ: తక్కువే, ఒప్పుకుంటున్నా. సరే, ఒక శ్రోత రాశారు: ఒకే బ్యాచ్ గుళికలు రెండు ల్యాబుల్లో ఇస్తే ఎండిన గుళికకి నైట్రోజన్ వాయువు పట్టించి కొలిచే బీఈటీ ఉపరితలం రెండు రకాలుగా వచ్చిందట. ఎవరిది తప్పు?

సుజాత: ఎవరిదీ కాదు. చివర్లో దేనితో కడిగి ఎండబెట్టారు?

రమణ: ఒక ల్యాబ్ మెథనాల్. ఇంకోటి టోలీన్ నించి నేరుగా ఓవెన్‌లోకి.

సుజాత: అంతే మరి! టోలీన్‌లో గొలుసులు ఉబ్బి మెత్తగా ఉంటాయి. ఆరేటప్పుడు ద్రవం లోపలికి లాగుతుంది, సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. మెథనాల్‌లో గొలుసు అప్పటికే బిగుసుకుని ఉంటుంది, లాగినా నిలబడుతుంది. డీవీబీ తక్కువైతే ఈ తేడా ఇంకా ఘోరం. మళ్ళీ టోలీన్‌లో నానబెట్టి, మెథనాల్‌కి మార్చి ఆరబెట్టమను, మూసుకున్నవి చాలావరకు తెరుచుకుంటాయి.

రమణ: అందుకే ఆరబెట్టే పద్ధతి రాసిపెట్టుకోవాలి, అంతే.

సుజాత: అంతే కాదు. అసలు ఎండిన గుళికని కొలవడం ఎందుకు? వాడేది నీళ్ళలో. మా అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్‌లో ఉన్నది జెల్ రెజిన్...

రమణ: వచ్చింది! వచ్చేసింది!

సుజాత: విను. దాన్ని ఎండబెట్టి నైట్రోజన్ పెడితే లెక్కలోకి వచ్చే ఉపరితలం ఏమీ ఉండదు. కానీ నీళ్ళలో దాని బరువులో దాదాపు సగం తేమే. కాల్షియం లోపలికి వెళ్తోంది, సోడియం బయటికి వస్తోంది. మీ మెషిన్ మాత్రం రంధ్రమే లేదంటుంది.

రమణ: జెల్ వేరు, ఎండినా రంధ్రాలు నిలిచే మాక్రోపోరస్ వేరక్కా.

సుజాత: కెమిస్ట్ మెరిఫీల్డ్ 1963లో పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, కట్టింది దేనిమీద? కొద్దిగా క్రాస్‌లింక్ చేసిన పాలీస్టైరీన్ మీద. పొడిగా చూస్తే గట్టి గోలీ. డైక్లోరోమీథేన్‌లో వేస్తే కొన్ని రెట్లు ఉబ్బుతుంది. 1984లో నోబెల్ ఇచ్చారు కదా, ముందు బీఈటీ అడిగారా?

రమణ: మరి గాల్లోంచి సాల్వెంట్ ఆవిరి పట్టే గుళికల మాటేంటి? అక్కడ పొడిగానే వాడతాం. అక్కడ ఈ కొలతే కావాలి కదా.

సుజాత: ...అది ఒప్పుకుంటా.

రమణ: ఒప్పుకుంది! ఇది రికార్డ్ అయింది కదా?

సుజాత: కానీ పాదరసం నెట్టి రంధ్రం కొలిచే మెర్క్యురీ పద్ధతి మాత్రం ఒప్పుకోను.

రమణ: అది ఏం చేసింది?

సుజాత: 60,000 పీఎస్ఐ ఒత్తిడి పెడితే పాదరసం సుమారు 3 నానోమీటర్ల రంధ్రంలోకి దూరుతుంది, లెక్క అదీ. ఆ ఒత్తిడికి మెత్తటి గుళికే నలుగుతుంది. నలిగినంత మేరా రంధ్రం అని గ్రాఫ్ గీస్తుంది. ఆ గ్రాఫ్‌ని తెచ్చి మాకు చూపించి...

రమణ: పాత కంపెనీ గొడవ వద్దు. పేర్లు అసలే వద్దు.

సుజాత: పేరు చెప్పట్లేదు. ఆ రోజంతా మీటింగ్‌లో ఆ గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాం. ఒక్కళ్ళూ నా మాట వినలేదు.

రమణ: (నవ్వు ఆపుకుంటూ) ఇప్పుడు మన శ్రోతలు వింటున్నారులే అక్కా.

సుజాత: (నవ్వు) సరే, నానిన గుళికని కొలవాలంటే దాన్నే కాలమ్‌లో నింపు, టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్ నడిపించు. సైజు తెలిసిన పాలీస్టైరీన్లు ఒక్కొక్కటే పంపు. చిన్నవి రంధ్రాల్లోకి దూరి ఆలస్యంగా బయటికొస్తాయి, పెద్దవి దూరలేక ముందే వచ్చేస్తాయి. ఎక్కడ దూరడం ఆగిందో చూస్తే రంధ్రం సైజు తెలుస్తుంది.

రమణ: దానికి మోడల్ కావాలి. రంధ్రం గొట్టమా, గోళమా అని నువ్వే ఊహించుకోవాలి. నీదీ అంచనానే.

సుజాత: నీదీ అంచనానే, పైగా గుళికని చంపి వేసే అంచనా.

రమణ: చంపి అంటావేంటక్కా! సైన్స్ పాడ్‌కాస్ట్ ఇది.

సుజాత: ఒక్క మాట చెప్పు. మా సొసైటీవాళ్ళు రెజిన్ మార్చడానికి కొటేషన్ తెప్పించారు. అందులో ఉపరితలం ఎంతో రాశారు, రెజిన్‌ని మళ్ళీ పనికి తేవడానికి ఉప్పు ఎంత పడుతుందో రాయలేదు. అది ఎవరికి కావాలి?

రమణ: సాఫ్ట్‌నర్ జెల్ రెజిన్‌కి ఉపరితలం రాశారా?

సుజాత: అదే కదా నా గోల!

రమణ: ఆ కాగితం ఫొటో పెట్టక్కా, నేను చూడాలి. డీవీబీ శాతం ఈసారీ మిగిలిపోయింది, 55 శాతం గ్రేడ్, 80 శాతం గ్రేడ్ గురించి...

సుజాత: మిగతాదంతా ఇథైల్‌వినైల్‌బెంజీన్, అంతే. ఆగు, ఎవరో బెల్ కొడుతున్నారు, ట్యాంకర్ అనుకుంటా. వెళ్తున్నా.

రమణ: అక్కా, మైక్! మైక్ ఆఫ్ చెయ్...