మట్టి పడిన కన్ను: నొకార్డియా పుండు

అందరికీ నమస్కారం. చెన్నైలో మన తెలుగు కూలీలకు కంట్లో నలుసు పడితే ముందు వచ్చేది మీ దగ్గరికే. మీలో కొందరు డాక్టర్లు, కొందరు మందుల షాపుల వాళ్లు. ఇద్దరితోనూ పని ఉంది.

ఇసుక జల్లిస్తుంటే కంట్లో పడుతుంది. తువ్వాలు కొసతో తీసేస్తారు, నల్లగుడ్డు మీద గీత పడుతుంది. మట్టిలో ఉండే నొకార్డియా ఆ గీతలోకి దిగుతుంది. 1888లో ఎడ్మండ్ నొకార్ అనే ఫ్రెంచి పశువైద్యుడు పశువుల జబ్బులో గుర్తించిన బాక్టీరియా ఇది.

దీంతో చిక్కల్లా నెమ్మదితనమే. పుండు వారాల తరబడి సాగుతుంది. కన్నును పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంపులో చూస్తే అంచు చుట్టూ గుండుసూది మొనంత తెల్లచుక్కలు, దండ గుచ్చినట్టు. అంచులు నూలుపోగుల్లా కనిపిస్తే ఫంగస్ అనుకుని దాని మందు నాటమైసిన్ చీటీలో రాసేస్తాం. అది దీనిమీద పనిచేయదు.

అందుకే మందుకన్నా ముందు స్క్రేపింగ్, అంటే పుండును గీకి పరీక్షకు పంపడం. బాక్టీరియాకు చేసే గ్రామ్, ఫంగస్‌కు చేసే కేఓహెచ్ పరీక్షలతో పాటు, ఆసిడ్‌తో కడిగినా రంగు వదలని క్రిములను పట్టే ఆసిడ్ ఫాస్ట్ స్టెయిన్ కూడా అడగండి. టీబీ స్లైడుకు వాడే 20 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో కడిగితే నొకార్డియాకు పట్టిన రంగు పోతుంది. 1 శాతమే వాడాలి. క్రిమిని పెంచి చూసే కల్చర్ ప్లేటును రెండో రోజే పారేయకుండా రెండు వారాలు ఉంచమనండి. సుద్దపొడిలాంటి తెల్లని కాలనీలు (క్రిమి గుంపులు), తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తే దాదాపు అదే.

మందు అమికాసిన్ అనే యాంటీబయాటిక్, 2.5 శాతం చుక్కలు. 10 మి.లీ. కృత్రిమ కన్నీటి సీసాలోంచి 2 మి.లీ. తీసేసి, 250 మి.గ్రా. ఉన్న 2 మి.లీ. ఇంజెక్షన్ శుభ్రంగా కలపాలి. మొదటి రెండు రోజులు రాత్రీ పగలూ గంటకోసారి, ఆ తర్వాత పుండును బట్టి తగ్గించాలి. తగ్గించకపోతే మందే పైపొరను మాననివ్వదు. దాన్ని చూసి జబ్బు ముదిరిందని పొరబడి మోతాదు పెంచేవాళ్లున్నారు. పుండు లోతుగా దిగితే కోట్రైమాక్సజోల్ అనే మరో యాంటీబయాటిక్ కూడా కావాలి.

షాపుల వాళ్లకు ఒక్క మనవి. ఎర్రబడిన కంటికి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇవ్వకండి. ఎరుపు తగ్గుతుంది, లోపల క్రిమి పెరుగుతుంది. చనుబాలు, ఆముదం, ఆకుపసర్లు కూడా వద్దని చెప్పండి.

సుత్తి, ఉలి పనిలో ఇనుప ముక్క లోపలికి దూసుకుపోయిందనిపిస్తే దారి వేరు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా చేరితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. కన్ను నొక్కొద్దు, కడగొద్దు, చుక్కలు వేయొద్దు, ఎంఆర్ఐ తీయించొద్దు. తగలకుండా పైన కప్పు బోర్లించి వెంటనే ఎగ్మోరులోని, 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రికి పంపండి. చీటీలో దెబ్బ తగిలిన సమయం, ఏం తగిలింది, అప్పటిదాకా ఏం వేశారు, ఈ మూడూ రాయండి.