నాలుగూ తిరగాల పాడ్‌కాస్ట్: వేడెక్కితే ఆగే జీపు

మామ: అందరికీ నమస్కారం. ఈ వారం జీపు కార్బురేటర్, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపేది. పోయినసారి చిక్కబళ్ళాపురం తమ్ముడు అడిగినాడు కదా, బండి వేడెక్కితే ఆగిపోతుంది, అరగంట నీడలో పెడితే మళ్ళీ స్టార్టవుతుందని. దాన్నే పట్టుకుందాం.

అల్లుడు: పచ్చ జీపు తమ్ముడేనా?

మామ: పచ్చదే. 

అల్లుడు: రెండో ప్రపంచ యుద్ధంనాటి విల్లీస్ ఎంబీ జీపు అది. వాల్వులు సిలిండర్ పక్కనే ఉండే ఫ్లాట్‌హెడ్ ఇంజన్, 2.2 లీటర్లు, 60 హార్స్ పవర్. కార్బురేటర్ కూడా దాంతో వచ్చిన కార్టర్ డబ్ల్యూఓనే.

మామ: స్పార్క్ పుట్టించే పాయింట్లు చూసినాడంటనా?

అల్లుడు: అడుగుతావని ముందే కనుక్కున్నా. పాయింట్ల గ్యాప్ 20 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, ప్లగ్గులు 30 థౌ. సరిగ్గానే ఉన్నాయంట.

మామ: పాయింట్లకు తగిలించే కండెన్సర్?

అల్లుడు: మామా!

మామ: కండెన్సర్ వేడిమీదే మొండికేస్తుంది రా. చూసేవాడికి అచ్చం పెట్రోల్ అందనట్టే ఉంటుంది. అందుకే బండి ఆగిన నిమిషంలోనే స్పార్క్ చూడాల, చల్లారినాక కాదు. కాయిల్ నుంచి వచ్చే పెద్ద వైరు బ్లాక్‌కి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టిస్తే టక్కున నీలంగా దూకాల. పసుప్పచ్చగా, నీరసంగా వస్తే కార్బురేటర్ జోలికి పోవద్దు. అప్పుడు పెట్రోల్ పైపులేవీ విప్పి ఉండకూడదు, జాగ్రత్త.

అల్లుడు: స్పార్క్ బాగుంటే?

మామ: ఇంజన్ ఆపు. కార్బురేటర్ మీది గొట్టం తీసి, టార్చి వేసి, నోట్లోకి చూస్తా యాక్సిలరేటర్ లింక్ కదిలించు. లోపల సన్నగా పెట్రోల్ ధార కొట్టాల. కొడితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టు. కొట్టకపోతే గిన్నె ఎండిందో, కార్బురేటర్ లోపలి చిన్న పంపు తోలు పోయిందో.

అల్లుడు: నా అనుమానం గిన్నె ఎండిందనే. ఆ ఇంజన్‌లో గాలి లోపలికి పోయే ఇన్‌టేక్, పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్క, ఒకదానికొకటి బిగించి ఉంటాయి. వాటి మీద కార్బురేటర్. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఒక పావుగంట నిలబడితే కింద నుంచి కాలుతుంది. పైగా ఇప్పుడు పెట్రోలే మారిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 పెట్రోల్‌ని దేశానికి విడుదల చేసింది మన బెంగళూరులోనే. వందలో ఇరవై పాళ్ళు ఇథనాల్. అది 78 డిగ్రీలకే మరుగుతుంది.

మామ: మరి మిక్స్చర్ కూడా పలచబడుతుంది కదా?

అల్లుడు: పడుతుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, పెట్రోల్ వచ్చే సన్న బొక్క, అదే జెట్టు, మార్చకపోతే మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి పెట్రోల్ చాలదు. కొత్త కార్లలో సెన్సర్ చూసి సరిచేస్తుంది. దీనికి సెన్సర్ యాడుంది? కాకపోతే బెంగళూరు 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన. మద్రాసులో సెట్ చేసిన బండి ఇక్కడికొస్తే రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ ఎక్కువవుతుంది. దానికీ దీనికీ ఇక్కడ కొంత చెల్లుకు చెల్లు. మద్రాసు వాళ్ళకే కష్టం.

మామ: మద్రాసు బ్యాచ్ వింటాంది, జాగ్రత్త.

అల్లుడు: విననీ. నేను చెప్పేదేమంటే, ఇంత తంటా ఎందుకు? కొత్త సోలెక్స్ రకం కార్బురేటరో, డూప్లికేట్ కార్టరో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బిగించుకుని పోతే పోలా?

మామ: (కొంచెం ఆగి) నువ్వే అంటాండావా ఈ మాట?

అల్లుడు: అంటాండా. 1945లో తయారీ ఆగిపోయిన బండి మామా అది. ఎనభై ఏళ్ళు కార్బురేటర్‌లో గాలి తలుపును తిప్పే థ్రాటిల్ షాఫ్ట్ తిరిగి తిరిగి బొక్క కోడిగుడ్డులాగా అయ్యుంటుంది. అందులోంచి గాలి పీలుస్తాంటే నువ్వు ఇంజన్‌ను మెల్లగా నిలిపే ఐడిల్ స్క్రూ ఎంత తిప్పినా నిలబడదు.

మామ: షాఫ్ట్ అరిగితే షాఫ్ట్ చెయ్యి. పీణ్యలో లేత్ ఉండే యా షెడ్డుకు పోయినా బొక్క పెద్దది చేసి ఇత్తడి బుష్ వేసి ఇస్తారు. దానికోసం ఒళ్ళంతా పారేస్తారా?

అల్లుడు: అందరికీ అంత ఓపిక ఉండదు.

మామ: ఓపిక లేనోడు ఆల్టో కొనుక్కోనీ! శివాజీనగర్ పాత సామాన్ల గుజిరీలో చూసినాను నేను, సంచిలో పాత కార్బురేటర్లు, కిలో లెక్కన. మూత స్క్రూ కింద చిన్న ఇత్తడి బిళ్ళ, దాని మీద 539-ఎస్ అని నంబరు, అంటే ఎంబీకి వచ్చిన అసలు కార్టరే. ఎవరో డూప్లికేట్ బిగించుకుని దాన్ని పారేసినాడు. దాంట్లో చెడిపోయిందేముంటుంది? గిన్నెలోకి పెట్రోల్ ఆపే ఒక నీడిల్, పంపుది ఒక తోలు. ఆ రెండు కొనలేక దాన్ని తూకానికి అమ్మేసినాడు రా. నాకు కడుపు మండదా?

అల్లుడు: కోప్పడొద్దు మామా. నేను పారెయ్యమనలేదు. బీరువాలో పెట్టి, తిరగడానికి కొత్తది పెట్టుకోమన్నా.

మామ: బీరువాలో పెట్టిందాన్ని మళ్ళీ బిగించినోణ్ణి ఒక్కణ్ణి చూపించు.

అల్లుడు: ...నీ దగ్గర ఓపిక ఉంది, చెయ్యి తిరిగింది. ఊర్లో ఉండే పిల్లోడు ఒకడు తాత జీపు తోలాలనుకుంటాడు. వాడికి నువ్వు "ముందు గిన్నెలో తేలే ఫ్లోట్ లెవెల్ 3/8 అంగుళం పెట్టు" అంటే వాడు జీపు అమ్మేస్తాడు. కార్బురేటర్ మారినా పర్లేదు, జీపు రోడ్డు మీద ఉండాల. నాకదే ముఖ్యం.

మామ: ఊఁ. ఆ మాటలో న్యాయముంది. కానీ డూప్లికేట్ వేసినా వాడు ఫ్లోట్ లెవెల్ చూడాల్సిందే కదా. పెట్టెలోంచి తీసినవి సరిగ్గా ఉంటాయని నమ్మొద్దు. అప్పుడేం మిగిల్చినట్టు వాడికి?

అల్లుడు: షాఫ్ట్ పని మిగులుతుంది.

మామ: షాఫ్ట్ ఒకటి ఒప్పుకుంటా. అది నిజంగా అరిగుంటేనే. వేలితో పైకీ కిందికీ ఆడించి చూడాల, కటకటలాడితే అప్పుడు మాట్లాడుదాం.

అల్లుడు: సరే, ఫ్లోట్ దగ్గరికొచ్చినాం కాబట్టి అదన్నా చెప్పు.

మామ: ఇత్తడి ఫ్లోట్. చెవి దగ్గర పెట్టి ఊపు. లోపల గలగలమంటే పెట్రోల్ దూరింది, బరువెక్కి మునుగుతాంది, గిన్నె పొంగుతుంది. వేడినీళ్ళలో ముంచితే చిల్లు ఉండే కాడ సన్నగా బుడగలు లేస్తాయి. అక్కడ గీత పెట్టుకో. లోపలి పెట్రోల్ పూర్తిగా పోయేదాకా టంకం కాడికి పోవద్దు, పేలుతుంది. ఇంకోటి, జెట్టులో సూదీ తీగా పెట్టొద్దు. వెంట్రుకంత పెద్దదైనా లెక్క తప్పుతుంది. గాలి కొట్టు, చాలు.

అల్లుడు: జెట్టులో రాగితీగ పెట్టిన అన్నా, వింటాండావా?

మామ: వాణ్ణి వదిలెయ్యి రా, మారినాడు.

అల్లుడు: మరి ఆ తమ్ముడి బండి? అసలు సంగతి పక్కకు పోయింది.

మామ: గబగబా చెప్పేస్తా. ఆగినప్పుడు చోక్ సగం లాగితే కాసేపు నడిస్తే లీన్, గాలి లీకో పెట్రోల్ తక్కువో. ఇంజన్ అడుగు ఆవిర్లను లాగడానికి మానిఫోల్డుకు బిగించిన క్రాంక్‌కేస్ వెంటిలేషన్ వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుపోయినా అదే కథ, దాన్ని ఎవరూ చూడరు. పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్ పక్కన పోతాంటే దూరం జరుపు. కార్బురేటర్ కింద మందమైన ఇన్సులేటర్ గ్యాస్కెట్ వెయ్యి. రబ్బరు పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి, విటాన్ అనే రకానివి, స్పేర్ పార్టులమ్మే జె.సి. రోడ్డులో అడిగితే ఇస్తారు.

అల్లుడు: పెట్రోల్ పంపు లోపలి పొర, డయాఫ్రమ్ కూడా. ఇథనాల్‌కు పాతది బిరుసెక్కి చిరిగితే పెట్రోల్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడాల. పెట్రోల్ వాసనొస్తే, ఆయిల్ లెవెల్ పెరిగుంటే ఆ బండి స్టార్ట్ చెయ్యొద్దు. బేరింగులు పోతాయి.

మామ: ఇది మాత్రం గట్టిగా చెప్పినావు. తమ్ముడూ, ఈ పని ముందు చెయ్యి, కార్బురేటర్ తర్వాత.

అల్లుడు: పాయింట్ల కన్నా ముందా?

మామ: ...పాయింట్లు ఎట్లాగూ చూసినాడన్నావు కదా.

అల్లుడు: కండెన్సర్ చూడలేదు.

మామ: అదే నేననేది! ఆ కండెన్సర్ నలభై రూపాయలదో వంద రూపాయలదో, ఒకటి డ్యాష్‌బోర్డులో పడేసుకుంటే...

అల్లుడు: మామా, మన బండి షాఫ్ట్ కూడా కటకటలాడుతాంది. రేపు పీణ్యకు ఎవరు తీసుకుపోతారు?

మామ: ఆదివారం లేత్ ఎవడు తెరుస్తాడు రా?

అల్లుడు: ఫోన్ చేసి అడుగు. నీ మాటకు తెరుస్తాడు.

మామ: ఉండు, ఇప్పుడే చేస్తా. అది ఆపెయ్, ఆ రికార్డింగు.