'జీనియస్ ఆఫ్ లవ్' రివ్యూ: ఖాళీలతో కట్టిన పాట, ఖాళీ ఎరగని బొమ్మ

నమస్కారం. ఈ రోజు మాట్లాడుకోబోయేది 1981లో టామ్ టామ్ క్లబ్ బ్యాండ్ విడుదల చేసిన 'జీనియస్ ఆఫ్ లవ్' సింగిల్ గురించి, దానికి తీసిన యానిమేషన్ వీడియో గురించి. ఈ పేరు ఎప్పుడూ వినలేదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అయితే 1995లో మరాయా కేరీ పాడిన 'ఫాంటసీ'ని ఒకసారి గుర్తు చేసుకోండి. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో ఎనిమిది వారాల పాటు మొదటి స్థానంలో నిలిచిన ఆ పాట అడుగున నడిచే లయ ఇక్కడి నుంచి తెచ్చుకున్నదే. అందుకే ప్లే నొక్కిన కాసేపటికే ఎప్పటినుంచో ఎరిగిన పాటలా తోస్తుంది.

ముందుగా బ్యాండ్ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన టీనా వేమౌత్, డ్రమ్స్ వాయించిన క్రిస్ ఫ్రాంట్జ్ భార్యాభర్తలు. ఆ బ్యాండ్‌లోని మిగిలిన ఇద్దరూ సొంత రికార్డుల పనిలో పడడంతో, వీరు బహామాస్ రాజధాని నాసోలోని కంపాస్ పాయింట్ స్టూడియోకు వెళ్లి, జమైకాకు చెందిన సౌండ్ ఇంజనీర్ స్టీవెన్ స్టాన్లీని తోడు చేసుకుని ఈ కొత్త బ్యాండ్‌ను మొదలుపెట్టారు. టీనాతో పాటు ఆమె అక్కచెల్లెళ్లు కూడా గొంతు కలిపారు. ఆరితేరిన గాయనులు పాడినట్టు కాక, మిద్దె మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే ఆడపిల్లల్లా పాడడం నాకు లోపంగా తోచలేదు, పైగా పాటకు అదే అందమైంది.

ఇక వాయిద్యాల దగ్గర కాస్త ఆగుదాం. దయచేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఎందుకంటే ఫోన్ స్పీకర్‌లో ఈ పాట సగమే వినిపిస్తుంది. డ్రమ్ తొందరపడకుండా నడుస్తుంది, దాని మీద భజనలో పడినట్టు చప్పట్లు పడతాయి, పక్కన గిటార్ గరగరమంటూ తీగను గీరుతూ ఉంటుంది, పైన కీబోర్డు చిన్న పిట్టలా కూస్తుంది. వీటన్నిటి కింద టీనా బేస్ నాలుగు స్వరాలు పలికి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడంలోనే అసలు పనితనం ఉంది. మన తాళంలో సమం మీద, అంటే తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ మీద, వచ్చి వాలినప్పుడు కలిగే నిండుదనం వంటిదే ఫంక్ అనే అమెరికన్ నృత్యసంగీతంలోనూ ఉంటుంది. ఆవృతంలో మొదటి దెబ్బకు బలమిచ్చి, తరువాతి దెబ్బల మధ్య చోటు వదలడం ఫంక్‌కు ఆద్యుడిగా చెప్పే అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ నేర్పిన పద్ధతి. ఈ దంపతులు ఆ పాఠాన్ని ఎంత బాగా ఒంటబట్టించుకున్నారంటే, మోగిన స్వరం కంటే మోగకుండా వదిలిన చోటే మన తలను ఊపిస్తుంది.

నేర్చుకున్న పాఠానికి గురుదక్షిణ కూడా పాటలోనే చెల్లించారు. ఒక అమ్మాయి తన ప్రియుణ్ణి తలచుకుంటూ మొదలుపెట్టిన కబుర్లు మెల్లగా సంగీతకారుల నామావళిగా మారిపోతాయి. బూట్సీ కాలిన్స్, జార్జ్ క్లింటన్, హామిల్టన్ బొహానన్, స్మోకీ రాబిన్సన్, కర్టిస్ బ్లో వస్తారు. అదే ఏడాది మే నెలలో కన్నుమూసిన జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లీ వస్తాడు. స్లై, రాబీల పేర్లు కూడా వినిపిస్తాయి. డ్రమ్స్, బేస్ వాయించే ఆ జమైకా జోడీ అదే కంపాస్ పాయింట్ స్టూడియోలో ఆస్థాన విద్వాంసుల వంటివారు కనుక, ఆ పేర్లలో భక్తితో పాటు ఇరుగుపొరుగు చనువు కూడా ఉంది. అయితే జేమ్స్ బ్రౌన్ పేరును పదే పదే జపించే భాగం మాత్రం నాకు ఒక చుట్టు ఎక్కువైనట్టే తోచింది. నృత్యశాలలో అది చెల్లుతుందేమో కానీ, ఇంట్లో కూర్చుని వినేటప్పుడు సహనాన్ని కొంచెం పరీక్షిస్తుంది.

వీడియోకు వద్దాం. లండన్‌లోని కుకుంబర్ స్టూడియోస్‌కు చెందిన అనబెల్ జాంకెల్, రాకీ మోర్టన్ దీనికి దర్శకులు. ఆల్బమ్ అట్ట మీద బొమ్మలు వేసిన న్యూయార్క్ చిత్రకారుడు జేమ్స్ రిజ్జీ గీతనే వారు కదిలించారు. రిజ్జీ బొమ్మలు చూసినవారికి ఆయన తీరు తెలుసు. బడిపిల్లవాడు నోటు పుస్తకం వెనక అట్ట మీద గీసుకున్నట్టు వంకర గీతలు, గాఢమైన రంగులు, పెద్ద కళ్లు ఉంటాయి, చివరికి మేడలకు కూడా ముఖాలుంటాయి. మెరుగు పెట్టకుండా చేతితో గీసిన గీత కావడం వల్ల బొమ్మ నిలుచున్నచోటే సన్నగా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వణుకుకూ గిటార్ గీరుడుకూ బాగా పొత్తు కుదిరింది.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. పాట చోటు వదులుతుంది, బొమ్మ వదలదు. రిజ్జీ గీతకు ఊరుకోవడం చేతకాదు. బేస్ ఆగిన క్షణంలో తెర కూడా ఒక్కసారి ఖాళీ అయి ఉంటే ఎంత బాగుండేదో అని చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది. అయినా ఈ వీడియోను తేలిగ్గా తీసివేయలేను. పాటల వీడియోలు చూపే అమెరికన్ టీవీ ఛానల్ ఎమ్‌టీవీ 1981 ఆగస్టులోనే మొదలైంది. గాయకుల ముఖమే పాటకు చిరునామాగా మారుతున్న ఆ కాలంలో, అసలు మనుషులను తెర మీదికి రానివ్వకుండా గీతలకే ఆట అప్పగించడం తెగువ గల పనే.

ఆ మనుషులను చూడాలని ఉంటే జొనాథన్ డెమీ దర్శకత్వంలో 1984లో వచ్చిన 'స్టాప్ మేకింగ్ సెన్స్' చూడండి. టాకింగ్ హెడ్స్ కచేరీ చిత్రమైన అందులో ఈ పాట కూడా ఉంది. టీనా, క్రిస్ దాన్ని ఉత్సాహంగా వాయిస్తుంటే, బ్యాండ్ ప్రధాన గాయకుడు డేవిడ్ బర్న్ మాత్రం వేదిక మీద కనిపించడు. తరువాతి పాట కోసం ఆయన లోపల ఆ ప్రఖ్యాతమైన భారీ కోటు తొడుక్కుంటున్నాడు.