బంగినపల్లి పేరు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

వేసవిలో బండి మీద పసుపుపచ్చగా పేర్చిన ప్రతి మామిడీ బంగినపల్లే. అమ్మేవాళ్లు అదే చెబుతారు, మనమూ మారుమాట లేకుండా కొనేస్తాం. ఆ పేరుకు చట్టం కాపలా ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్ ఉద్యానశాఖ దరఖాస్తు పెట్టుకుంటే, 2017లో చెన్నైలోని రిజిస్ట్రీ ఈ పండుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే జీఐ ట్యాగ్, ఇచ్చింది.

పండు పుట్టిల్లు బనగానపల్లె. ఒకప్పుడు నవాబులేలిన సంస్థానం, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బేనిషాన్ అన్నా, ఢిల్లీ వాళ్లు సఫేదా అన్నా ఇదే. పల్చటి తొక్క, పీచులేని గట్టి కండ. కోసుకుని తినడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. రసాలు ఇష్టపడేవాళ్లు ఒప్పుకోరనుకోండి, ఆ తగువు ఇప్పుడొద్దు.

అసలు చిక్కు అంటుతో వస్తుంది. బనగానపల్లె చెట్టు కొమ్మ తెచ్చి ఎక్కడ అంటు కట్టినా రకం అదే. తమిళనాడులో కాసినా అది బంగినపల్లి చెట్టే. మరి ఊరిపేరు మీద హక్కు ఎంతవరకు? నమోదులో రాయలసీమ, కోస్తాలతో పాటు తెలంగాణ జిల్లాలు కొన్నిటినీ చేర్చారు. తాతల నాటి నుంచి ఈ తోటలు పెంచుతున్న ఖమ్మం రైతును బయటికి నెట్టలేం కదా. అయితే ఇంత విశాలమైన హద్దులో పండు ఏ తోటదో కొనేవాళ్లకు ఎలా తెలియాలి? హాపుస్, అంటే మహారాష్ట్ర అల్ఫాన్సో మామిడి, విషయంలో రత్నగిరి, సింధుదుర్గ్, మరో మూడు కొంకణ్ జిల్లాల వరకే గీత గీశారు. అక్కడ కొందరు రైతులు పెట్టెల మీద, కాయల మీద, ఫోన్‌తో చూస్తే పండు ఎక్కడిదో చెప్పే క్యూఆర్ కోడ్ కూడా అంటిస్తున్నారు. మనవాళ్లూ ఆ పని చేయాలి.

ఇంకో మాట. గుర్తింపు వచ్చినంత మాత్రాన రైతు తన పెట్టె మీద జీఐ ముద్ర వేసుకోలేడు. అధీకృత వినియోగదారుగా తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. ఈ గుర్తింపును దొంగతనంగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చని చట్టంలో ఉంది. కానీ ముద్ర వేసుకునే రైతులే కనిపించకపోతే దొంగముద్రను పోల్చుకునేదెవరు?

నమోదుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఇదివరకు 500 రూపాయలున్న దరఖాస్తు రుసుమును 2020లో 10 రూపాయలకు దించారు. తోటలున్న శ్రోతలు ఈ సీజన్ కోతలు మొదలయ్యేలోపే మీ ఉద్యానశాఖ అధికారిని కలిసి ఫారం సంగతి అడగండి.

నమస్కారం.