క్యాంపస్ కరెంటు: ముందు రాత్రి మీటర్ చూడండి

నమస్కారం. క్యాంపస్‌లో కరెంటు వాడకం తగ్గించాలి అనగానే ముందు జరిగే పని, స్విచ్ బోర్డుల పక్కన "లైట్లు ఆర్పండి" అని స్టిక్కర్లు అంటించడం. అంటించండి, తప్పేం లేదు. మనం మాత్రం మీటర్ దగ్గర మొదలుపెడదాం, అదీ రాత్రి లెక్కతో.

స్క్రీన్ మీద ఉన్నది ఒక బిల్డింగ్ తాలూకు ఒక రోజు లోడ్ గ్రాఫ్, అంటే ఏ సమయంలో ఎంత కరెంటు లాగుతోందో చూపే గీత. అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలివి, మీ దగ్గర వేరేగా ఉంటాయి. పొద్దున ఎనిమిదికి గీత పైకి లేస్తుంది, మధ్యాహ్నం 200 కిలోవాట్ల దగ్గర నిలబడుతుంది, సాయంత్రం ఆరు దాటాక దిగుతుంది. దిగి ఎక్కడ ఆగిందో చూడండి. 90 దగ్గర! తాళాలు వేసేశారు, లోపల ఎవరూ లేరు, అయినా పగటి వాడకంలో దాదాపు సగం నడుస్తూనే ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లెక్కేస్తే 720 యూనిట్లు. ఒక్క రాత్రికి.

మీ బిల్డింగ్ లెక్క ఎలా తెలుస్తుంది? చాలా డిజిటల్ మీటర్లు 15 నిమిషాలకో, అరగంటకో రీడింగ్ దాచుకుంటాయి. మెయింటెనెన్స్ వాళ్లని అడిగితే ఆ ఫైల్ తీసిస్తారు. అది కుదరకపోతే రాత్రి పదికి ఒకసారి, పొద్దున ఆరుకి ఒకసారి మీటర్ ఫొటో తీయించండి. తేడాని ఎనిమిదితో భాగించండి, సగటు రాత్రి లోడ్ వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: పెద్ద మీటర్ల మీద మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ రాసి ఉంటే, వచ్చిన అంకెని దానితో గుణించాలి. ఇది మర్చిపోతే లెక్కంతా తలకిందులే.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని రాత్రిపూట బిల్డింగ్ అంతా తిరగండి. ముందు ఏసీ ప్లాంట్ రూముకి వెళ్లండి. అక్కడ గాలిని తోసే పెద్ద ఫ్యాన్ల ప్యానెల్ మీద ఇలాంటి స్విచ్ ఒకటుంటుంది: హ్యాండ్, ఆఫ్, ఆటో. దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి, ఇది హ్యాండ్‌లో ఉంది. అంటే టైమర్ ఎంత బాగా సెట్ చేసినా దీనికి పట్టదు, ఫ్యాన్ 24 గంటలూ తిరుగుతుంది. ఏదో ఫంక్షన్ రోజు ఎవరో తిప్పి ఉంటారు, తిరిగి ఆటోలో పెట్టేవాళ్లు ఉండరు. పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగింది ఇదే, అందుకే దీన్ని మొదట చూడమంటాను.

ఆ ఫ్యాన్లకు స్పీడు తగ్గించే డ్రైవ్ ఉంటే ఇంకా మంచిది. స్పీడు 20 శాతం తగ్గిస్తే కరెంటు కూడా 20 శాతమే తగ్గుతుందనుకుంటాం. కానీ ఫ్యాన్ లాగే పవర్ స్పీడు ఘనాన్ని బట్టి మారుతుంది. 0.8ని మూడుసార్లు గుణించి చూడండి, 0.51 వస్తుంది. అంటే దాదాపు సగం మిగులు.

తర్వాత ల్యాబులు. కెమిస్ట్రీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, అంటే ప్రయోగాల్లో వచ్చే విషవాయువుల్ని బయటికి లాగేసే గాజు తలుపు పెట్టె. దాని తలుపు పూర్తిగా పైకెత్తి వదిలేస్తే, ఏసీ చల్లబరిచిన గాలి అంతా అందులోంచి బయటికి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి ప్లాంట్ మళ్లీ కొత్త గాలిని చల్లబరచాలి. తలుపు దించితే గాలి దానంతటదే తగ్గే రకం హుడ్ అయితే ఆదా బాగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే మోతాదులో లాగే పాతరకమైతే కరెంటు పెద్దగా తగ్గదు. భద్రత కోసం ఎలాగూ దించాల్సిందే అనుకోండి.

బయాలజీ వాళ్ల మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు చాలావాటిని మైనస్ 70కి మారిస్తే సుమారు 30 శాతం కరెంటు తగ్గుతుంది. కానీ అందులో ఏ శాంపిళ్లు ఉన్నాయో ల్యాబ్ వాళ్లకే తెలుసు. వాళ్లు ఒప్పుకున్నాకే మార్చాలి. సర్వర్లు, ఫైర్ అలారం ప్యానెళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

కంప్యూటర్ ల్యాబులకి స్లీప్ సెట్టింగ్, కారిడార్లకి సెన్సర్ లైట్లు. వీటి గురించి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను.

మార్పులు చేశాక రెండు వారాలు ఆగి మళ్లీ రాత్రి రీడింగ్ తీయండి. క్లాసులు జరిగే వారాన్ని క్లాసులు జరిగే వారంతోనే పోల్చండి, ఎండ కూడా దాదాపు అంతే ఉండాలి. సెలవుల్లో తీసిన అంకె చూపించి తగ్గిందంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు.